‘ఏం కాదులే’ అనే మాట ఇక వద్దు!

“ఏం కాదులే అక్కా! పాలగడ్డ అయ్యుంటుంది. దానంతటదే కరిగిపోతుంది.”

ఈ మాట అన్నది ఏ నాటువైద్యుడో, ఏ చదువురాని ముసలమ్మో కాదు. నేనే! హైస్కూల్లో పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పే నేనే. 2011 జూన్‌లో మా బంధువుల ఇంట పెళ్ళి. వంటలు జరుగుతున్న పందిరి వెనక్కి మా పెద్దమ్మ కూతురు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఎవరూ వినడం లేదుకదా అని నాలుగువైపులా చూసుకుంది. “ఒసే, ఇక్కడ ఏదో గట్టిగా తగుల్తోందే, శనగగింజంత” అంటూ పైటచెంగు మీదే వేలు పెట్టి చూపించింది.

నేను తేలిగ్గా ఆ మాట అనేశాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. “అంతే అంటావా?” అంది. “అంతే అక్కా” అన్నాను. ఆవిడ ముఖం తేటపడింది. ఇద్దరం కలిసి పంక్తిలో వడ్డించడానికి వెళ్ళిపోయాం. అప్పటికి అక్కకి నలభైనాలుగేళ్ళు. చిన్నవాడు పదో తరగతిలోకి వచ్చాడు. వాడు పాలు మానేసి పన్నెండేళ్ళు దాటాక ఇంకా పాలగడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ప్రశ్న ఈ సైన్సు టీచరుకి తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో!

అక్క 2014లో పోయింది. రొమ్ము క్యాన్సర్.

ఇన్నేళ్ళూ ఈ సంగతి మావారికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే... ఏటా అక్టోబరు రాగానే గులాబీరంగు రిబ్బన్లు కడతాం. సభలు, నడకలు, ఉపన్యాసాలు జరుగుతాయి. అన్నింట్లోనూ చెప్పేది ఒకటే: “అమ్మా, మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి” అని. మంచి మాటే. కానీ మా అక్క తన గడ్డని తానే కనిపెట్టింది! కనిపెట్టి, ఒక మనిషికి చెప్పింది కూడా. విన్న మనిషి ఏమన్నదనేదే అక్కడ అన్నింటికన్నా ముఖ్యమైపోయింది. ఆ రెండో మనిషి గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

క్యాలెండర్లో లేని మనిషి

అక్క పదోరోజుకి వెళ్ళినప్పుడు వంటింటి తలుపు వెనక పాత క్యాలెండర్లు కనిపించాయి. ఏడాది అయిపోయినా పారెయ్యకుండా ఒకదానిమీద ఒకటి అదే మేకుకి తగిలించడం అక్కకి అలవాటు. 2011 క్యాలెండరు తీసి చూశాను. మనందరి వంటిళ్ళలో ఉండేలాంటిదే. పాలవాడు రాని రోజుకి సున్నా. గ్యాసు బండ వచ్చిన తారీఖు. చీటీ కట్టాల్సిన రోజు. పెద్దవాడి ఇంటర్ పరీక్షలు. అత్తగారికి బి.పి. చూపించాల్సిన రోజు. బావగారి కళ్ళ డాక్టరు. ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. ఇంట్లో ప్రతివాళ్ళ ఆరోగ్యమూ అందులో ఉంది. అక్క ఆరోగ్యం గురించి మాత్రం పన్నెండు నెలల్లో ఒక్క గీత లేదు.

గడ్డ మొదటిసారి తగిలింది మార్చిలోనట, స్నానం చేస్తుంటే. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పింది. “పెద్దాడి పరీక్షలు అవ్వనీ అనుకున్నానే” అంది. పరీక్షలయ్యాక ఎండలు. ఎండలయ్యాక పెళ్ళిళ్ళు. అప్పుడే నాకు చెప్పింది, నేను ‘ఏం కాదులే’ అన్నాను. ఆషాఢంలో ఆడపడుచు వచ్చింది. శ్రావణంలో నోములు. మధ్యలో ఎవరో చెబితే నెలన్నర ఆకు పసరు కట్టు. తర్వాత దసరా, దీపావళి, కార్తీకం. “సంక్రాంతికి అందరూ వస్తారు, అది కూడా గడవనీ” అనుకుంది. కనుమ మర్నాడు అద్దంలో చూసుకుంటే అక్కడి చర్మం లోపలికి లాగినట్టు సొట్టపడి ఉంది. అప్పుడు చెప్పింది బావగారికి. పది నెలలు! చంకలోకి కూడా పాకిందని, మూడో దశ అని డాక్టర్లు అన్నారు. కీమోథెరపీ, ఆపరేషను, రేడియేషను... అన్నీ చేయించారు. బావగారు పొలం కూడా అమ్మారు. మనిషి దక్కలేదు.

పది నెలల ముందు వెళ్ళుంటే బతికేదా? ఖాయంగా అని ఎవరూ చెప్పలేరు. కానీ శనగగింజంత ఉన్నప్పుడు, చంకలోకి పాకకముందు వెళితే బతికే అవకాశం చాలా ఎక్కువని మాత్రం ఏ డాక్టరయినా చెబుతారు. ఆ అవకాశాన్ని పండగలకీ పెళ్ళిళ్ళకీ పంచిపెట్టేశాం, ఆవిడా నేనూ కలిసి.

నొప్పి లేదుగా... ఏముందిలే!

మన ఇళ్ళలో వినిపించే రెండో మాట ఇది. నొప్పి పెడితేనే జబ్బు అని మన నమ్మకం. పన్ను సలిపితే చెబుతాం, కాలు లాగితే చెబుతాం. రొమ్ములో వచ్చే క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. అదే దాని మాయ! నెలసరి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం చాలామందికి మామూలే, నెలసరి అయిపోగానే తగ్గిపోతుంది. తగ్గకుండా ఒకేచోట నిలిచిపోయిన గట్టిదనం సంగతి వేరు. నొప్పి ఉన్నా లేకపోయినా కొత్తగా తగిలిన ఏ గడ్డనైనా డాక్టరుకి చూపించాల్సిందే.

గడ్డ ఒక్కటే గుర్తు కాదు. చంకలో బిళ్ళ కట్టినట్టు ఉండటం, ఒక రొమ్ము ఆకారమో పరిమాణమో కొత్తగా మారడం, చర్మం సొట్టపడటం లేదా నారింజ తొక్కలా గుంతలు గుంతలుగా కనిపించడం, చనుమొన ఉన్నట్టుండి లోపలికి పోవడం, దానినుంచి రక్తంలాంటి నీరు రావడం, అక్కడ మానని పుండో పొక్కులో లేవడం, పాలిచ్చే తల్లి కాకపోయినా ఎర్రగా వాచడం... వీటిల్లో ఏది కనిపించినా ఆగకూడదు. ఇవి కనిపించినంత మాత్రాన క్యాన్సరేనని కాదు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ గడ్డలు కానే కావు. కానీ ఏది అవునో ఏది కాదో తేల్చాల్సింది పరీక్ష. నేనూ కాదు, మీ పక్కింటి పిన్నిగారూ కాదు.

చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. నెలసరి మొదలైన వారం పది రోజులకి రొమ్ములు మెత్తగా ఉంటాయి. అప్పుడు చూసుకోవాలి. నెలసరి ఆగిపోయిన వాళ్ళు నెలలో ఏదో ఒక తారీఖు పెట్టుకుంటే చాలు. ముందు అద్దం ఎదుట చేతులు కిందికి వదిలి ఒకసారి, పైకెత్తి ఒకసారి చూసుకోవాలి. తర్వాత మూడువేళ్ళ మెత్తని భాగంతో, పిండకుండా, గుండ్రంగా తిప్పుతూ కంఠం ఎముక దగ్గర్నుంచి రొమ్ము కింద దాకా, చంక దాకా తడుముకోవాలి. మన వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలం కదా! మన ఒంటి సంగతి కూడా అలా తెలిసుండాలి. ఎలా ఉండేదో తెలిస్తేనే ఏం మారిందో తెలుస్తుంది.

పలకడానికే సిగ్గు

నిజం చెప్పొద్దూ, ఈ వ్యాసంలో ‘రొమ్ము’ అన్న మాట మొదటిసారి రాసేటప్పుడు నాకే చెయ్యి ఆగింది. ఛాతీ అనాలా, గుండె అనాలా అని ఆలోచించాను. మగవాడు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడంటే ఎవరికీ తప్పనిపించదు. శవం దగ్గర ఆడవాళ్ళు రొమ్ము బాదుకుని ఏడ్చారంటే అశ్లీలం అనిపించదు. జబ్బు వచ్చినప్పుడు మాత్రం ఆ మాట నోట్లోంచి రాదు. “ఇక్కడ” అంటాం, పైట మీద వేలు పెట్టి. మా అక్క కూడా అంతే అంది. పేరు పెట్టి పిలవలేని చోట జబ్బుని ఎలా వెతుకుతాం?

మన పక్కనే ఉన్నవాళ్ళు కొందరు ఈ సిగ్గు పక్కన పెట్టి చెప్పారు. నటి గౌతమి ముప్ఫై అయిదేళ్ళ వయసులో తన గడ్డని తానే కనిపెట్టి, వైద్యం చేయించుకుని, తర్వాత ఆ సంగతి ఊరూరా తిరిగి చెప్పింది. మన సినిమాల్లో మనం చూసిన హంసానందిని 2021 డిసెంబరులో తనకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని జుట్టు తీయించుకున్న ఫొటోతో సహా బయటపెట్టింది. వాళ్ళమ్మ క్యాన్సర్‌తో పోయింది. తనకి చిన్న గడ్డ తగిలిన కొన్ని గంటల్లోనే పరీక్షకి వెళ్ళానని ఆ అమ్మాయి రాసింది. కొన్ని గంటలు! మా అక్కకి పది నెలలు. అమెరికాలో 1974లో అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తన ఆపరేషన్ సంగతి దాచకుండా చెప్పినప్పుడు, అక్కడి ఆడవాళ్ళు వేలాదిగా పరీక్షలకి కదిలారు. ఒక మనిషి నోరు విప్పితే ఇంకో మనిషికి ధైర్యం వస్తుంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

సైన్సు టీచర్ని కాబట్టి నాలుగు లెక్కలు కూడా చెబుతాను, విసుక్కోకండి. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, సుమారు 98,000 మంది దానితో పోయారని అంతర్జాతీయ అంచనా. మన ఆడవాళ్ళలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. జబ్బు బయటపడ్డాక అయిదేళ్ళు బతికేవాళ్ళు ధనిక దేశాల్లో నూటికి తొంభై మందికి పైగా ఉంటే, మన దేశంలో 66 మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు పేరు ఒకటే. మనవాళ్ళు ఆలస్యంగా వెళ్ళడం, వెళ్ళినా వైద్యం పూర్తిగా అందకపోవడం ఈ తేడాకి పెద్ద కారణాలు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళని అడిగితే, రొమ్ము పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు 0.9 శాతం. అంటే నూటికి ఒక్కరు కూడా కారు!

ఇంకో రెండు సంగతులు. చైనాలోని షాంఘైలో రెండు లక్షల అరవై ఆరు వేల మంది బట్టల మిల్లు కార్మికురాళ్ళ మీద పెద్ద పరిశోధన చేశారు. సగం మందికి రొమ్ము తడిమి చూసుకోవడం శ్రద్ధగా నేర్పారు, సగం మందికి నేర్పలేదు. పదేళ్ళ తర్వాత చూస్తే మరణాల్లో తేడా లేదు. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. అంటే చూసుకోవడం వల్ల లాభం లేదని తీసిపారెయ్యమని నేను అనను. చూసుకోవడం ఒక్కటే మనల్ని కాపాడుతుందని భరోసా పెట్టుకోకూడదని మాత్రం అర్థం చేసుకున్నాను.

రెండోది మన ముంబయిది. టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు 1998లో అక్కడి బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ళ లోపు ఆడవాళ్ళు లక్షన్నర మందితో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు చూశారు. పదో తరగతి చదివిన అమ్మాయిలకి నాలుగు వారాల శిక్షణ ఇచ్చి, సగం మందికి రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయించారు. ఖరీదైన మిషన్లేమీ లేవు. 2021లో వచ్చిన ఫలితం ఏమిటంటే, వాళ్ళలో జబ్బు ముందు దశలోనే దొరికింది. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్ళలో మాత్రం ఆ తగ్గుదల కనిపించలేదు. మా అక్క వయసు వాళ్ళన్నమాట! వాళ్ళు గడ్డ తగిలిన రోజునే కదలడం ఎంత అవసరమో నాకు దీన్నిబట్టే తెలిసింది.

మన రాష్ట్రాల్లోనూ ఈ పరీక్ష దొరుకుతుంది. 2016లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ లోపు ఆడవాళ్ళందరికీ అయిదేళ్ళకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది రొమ్ము పరీక్ష చెయ్యాలి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మనో, ఆశా కార్యకర్తనో అడగండి. అడిగితేనే కదా మనకి కావాలని వాళ్ళకి తెలిసేది! మామోగ్రాము ఏ వయసులో, ఎన్నాళ్ళకోసారి అన్నది డాక్టరు చెప్పాలి. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రాములో సరిగా తెలియకపోవచ్చు, అప్పుడు అల్ట్రాసౌండు చేస్తారు. అమ్మకో, అక్కచెల్లెళ్ళకో చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి.

భయాల మూట

ఆడవాళ్ళు ఆగిపోయేది బద్ధకంతో కాదు, భయంతో. “సూది పొడిస్తే గడ్డ రేగి ఒళ్ళంతా పాకుతుందట” అంటారు. ఇది మన ఊళ్ళలో బాగా నాటుకుపోయిన అపోహ. అనుమానం ఉన్నచోట సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించకుండా ఏ జబ్బో, ఏ మందు వాడాలో ఎలా తెలుస్తుంది? గడ్డ పాకేది సూది వల్ల కాదు, మనం ఇంట్లో కూర్చోవడం వల్ల.

“రొమ్ము తీసేస్తారు” అన్నది ఇంకో భయం. ఒకప్పుడు నిజమే, అందరికీ మొత్తం తీసేసేవారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరోనేసి అనే డాక్టర్లు గడ్డనీ దాని చుట్టుపక్కల కొంత భాగాన్నీ మాత్రమే తీసి, రేడియేషన్ ఇచ్చి, ఇరవై ఏళ్ళు గమనించారు. మొత్తం తీయించుకున్నవాళ్ళు ఎంతకాలం బతికారో వీళ్ళూ అంతే బతికారని 2002లో ఇద్దరూ తేల్చారు. అయితే ఈ అవకాశం ఎక్కువగా ఉండేది గడ్డ చిన్నగా ఉన్నప్పుడే! అంటే రొమ్ము పోతుందన్న భయంతో ఆగేకొద్దీ, అది మిగిలే అవకాశాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

మూడోది డబ్బు. ఈ భయం అబద్ధం కాదు, మా బావగారి పొలమే సాక్ష్యం. కానీ హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన దగ్గర్నుంచి ప్రభుత్వ పథకాల్లో క్యాన్సర్ వైద్యమూ ఉంది. పైగా ముందుగా వెళితే వైద్యం చిన్నది, ఖర్చూ తక్కువ. ఇంటి ఖర్చు తగ్గిద్దామని ఆగిన ఇల్లాలే చివరికి ఇంటిమీద పెద్ద ఖర్చు పెట్టించాల్సి వస్తోంది.

ఆమె తప్పు కాదు

రాకుండా చూసుకోలేమా అని అడుగుతారు. కొంతవరకు చూసుకోవచ్చు. బిడ్డకి తల్లిపాలు ఇవ్వడం తల్లికీ మంచిదే. 30 దేశాల పరిశోధనల్ని కలిపి చూసి, ప్రతి పన్నెండు నెలల పాలివ్వడానికీ ఈ జబ్బు ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుందని 2002లో లెక్క కట్టారు. ముఖ్యంగా నెలసరి ఆగాక ఒళ్ళు పెరక్కుండా చూసుకోవాలి. రోజూ నడవాలి. ఇంటిపని చేస్తున్నాంగా అంటే కుదరదు, గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా నడవాలి. మద్యం జోలికి పోకూడదు. హార్మోన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఏళ్ళ తరబడి వాడకూడదు.

కానీ ఇవన్నీ చేసినవాళ్ళకీ జబ్బు రావచ్చు. మా అక్క ఇద్దరు పిల్లలకి పాలిచ్చింది, సన్నగా ఉండేది, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. అయినా పరామర్శకి వచ్చినవాళ్ళు “బిగుతు జాకెట్లు వేసేదా?”, “ఎక్కడైనా దెబ్బ తగిలిందా?”, “ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో!” అని ఆమె వినేలా అన్నారు. బిగుతు జాకెట్టు వల్ల, దెబ్బ వల్ల క్యాన్సర్ రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. వంశపారంపర్యంగా వచ్చేది నూటికి అయిదు నుంచి పది మందికే. పెద్ద కారణాలు ఆడపుట్టుక పుట్టడమూ వయసు పెరగడమూ. అవి తప్పులా? నిందిస్తారన్న భయం ఉన్నచోట ఏ ఆడదీ త్వరగా నోరు విప్పదు.

కంగారు పడితే నష్టమేమిటి?

2016లో నాకే ఒకటి తగిలింది. ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ రాత్రే మావారికి చెప్పాను. మర్నాడు ఆయన సెలవు పెట్టి తీసుకెళ్ళారు. పరీక్షలన్నీ చేసి, నీళ్ళు నిండిన తిత్తి అంతే, భయం లేదన్నారు. ఇంటికొచ్చాక మా తోడికోడలు “అనవసరంగా కంగారు పడ్డారు, డబ్బు దండగ” అంది. ఒక రోజు సెలవు, కొంత డబ్బు పోయిన మాట నిజమే. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఏమీ లేదని తేలడం కూడా ఒక ఫలితమే. పరీక్ష పాసయితే ఎందుకు రాశామని ఏడుస్తామా?

2019లో మా స్కూలు ఆయా ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూములోకి వచ్చి, నేనొక్కదాన్నే ఉన్నానని చూసుకుని, “టీచరమ్మా, ఇక్కడ...” అంటూ పైట మీద వేలు పెట్టింది. ఎనిమిదేళ్ళ కిందటి పెళ్ళిపందిరి నా కళ్ళముందు కదిలింది. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా, అలవాటు అలాంటిది! మింగేశాను. “ఎన్నాళ్ళయింది? పద, సాయంత్రం బెల్లు కాగానే వెళ్దాం” అన్నాను. “మా ఆయన్ని అడగాలమ్మా” అంది. “అడుగుదాం, ముందు చూపిద్దాం” అన్నాను.

ఆమెది క్యాన్సరే. కానీ చంకలోకి పాకలేదు. గడ్డ వరకు తీశారు, రేడియేషన్ ఇచ్చారు, ఆరోగ్యశ్రీలోనే జరిగింది. ఆస్పత్రికి తోడు వెళ్ళే పని మేం నలుగురు టీచర్లం వంతులు వేసుకున్నాం. ఆమె ఇప్పటికీ మా స్కూల్లోనే ఉంది, పొద్దున్నే బెల్లు కొట్టేది ఆమే. ఏడాదికోసారి పరీక్షకి వెళ్ళొస్తుంది. నేనేదో ఘనకార్యం చేశానని కాదు. అక్కకి అనాల్సిన మాట ఆలస్యంగా ఇంకొకరికి అన్నాను, అంతే.

విన్నవాళ్ళకి ఒక మాట

ఆడది తన ఒంటి సంగతి మొదట చెప్పేది డాక్టరుకి కాదు. అక్కకో, చెల్లెలికో, వదినకో, పక్కింటి ఆవిడకో చెబుతుంది. ఎంతో గుండె చిక్కబట్టుకుని ఒక్కసారే చెబుతుంది. అప్పుడు మనం ‘ఏం కాదులే’ అంటే ఆమె ఆ మాటనే పట్టుకుని ఇంకో ఆరు నెలలు గడిపేస్తుంది. ఎందుకంటే ఆమెకి కావలసింది ఆ మాటే. అందుకే అది ధైర్యం చెప్పడం కాదు, దారి మూసెయ్యడం. “ఏదైనా కావచ్చు, కాకపోవచ్చు, చూపిద్దాం పద, నేను వస్తాను” అనండి. నాలుగు మాటలు ఎక్కువ, అంతేకదా!

మగవారూ ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. అయ్యా, మీ ఇంట్లో ఆవిడ చెప్పినప్పుడు పేపరు పక్కన పెట్టి వినండి. “వచ్చే వారం చూద్దాం” అనకండి. వచ్చే వారం ఆవిడకి ఇంకో పని ఉంటుంది, అది మీ పనే అయ్యుంటుంది.

మా వంటింట్లో కూడా క్యాలెండరు ఉంది. పాలవాడి సున్నాలు, గ్యాసు బండ తారీఖులు అన్నీ ఉన్నాయి. ప్రతి నెలా ఒక తారీఖు దగ్గర ఎర్రసిరాతో ‘నేను’ అని రాసుకుంటాను. మొదట్లో మా అమ్మాయి నవ్వేది. ఇప్పుడు హాస్టలు నుంచి ఫోను చేసి “అమ్మా, ఈ నెల చూసుకున్నావా?” అని అడుగుతోంది. ఇవాళ పేపరు మడిచి లేచేముందు మీ క్యాలెండరు దగ్గరికి ఒక్కసారి వెళ్ళి చూడండి. అందులో మీరున్నారా?